యాక్సెస్ పాయింట్‌కు పవర్ ఎంత పెట్టాలి? క్యాంపస్ వైఫై చూసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు కాలేజీలు, హాస్టళ్లు, ఆస్పత్రులు, గోదాముల్లో వైఫై చూసుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాం. దేనికదే విడిగా చదువుకోవచ్చు. ఏపీ అని రాసినచోటల్లా యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సిగ్నల్ పంపే పెట్టె, అనుకోండి, పక్క రాష్ట్రం కాదు.

## మొదలుపెట్టే ముందు

పవర్ ఫుల్ పెడితే సిగ్నల్ దూరం పోతది కదా, మళ్ల తగ్గించుడెందుకు?

పోతుంది. కానీ వైఫైలో మాట రెండువైపులా నడవాలి. ఏపీ 23 డీబీఎంతో పంపగలదు (డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత, డీబీ అంటే రెండు బలాల మధ్య తేడా; లెక్క కింద ఉంది). జేబులో ఫోన్, వైఫై వాడే బ్యాండ్లలో ఒకటైన 5 గిగాహెర్ట్జ్‌లో, మామూలుగా 12 నుంచి 15 డీబీఎం దగ్గరే ఆగిపోతుంది. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో పిలుస్తుంటారు. ఆ పిలుపు చెట్ల కింద విడిది చేసినవాళ్లందరికీ వినపడుతుంది. వాళ్లు అక్కడి నుంచే "ఇక్కడున్నా" అని అరిస్తే మైకు పట్టుకున్నాయనకు వినపడదు. ఫోన్ మీద గీతలు కొలిచేది మైకు చప్పుడునే, తిరుగు జవాబును కాదు. ఏపీకి యాంటెన్నాలు ఎక్కువ కాబట్టి బలహీనమైన జవాబును కొంత మెరుగ్గానే పట్టుకుంటుంది. దాంతో మూడు, నాలుగు డీబీల లోటు పూడుతుంది గానీ పది పూడదు.

ఇంకో నష్టం, ఒకే చానెల్‌లో ఉన్న ఏపీలు ఒకదాని మాట ఇంకోదానికి వినపడితే వంతులవారీగానే మాట్లాడతాయి. పవర్ పెంచిన కొద్దీ వంతు కోసం ఆగేవాళ్లు పెరుగుతారు. పైగా దగ్గర్లో ఉన్న ఫోన్‌కు ఫుల్ పవర్‌తో వేగమూ పెరగదు. పెద్ద వేగాల్లో సిగ్నల్ చెదిరిపోకుండా చాలా ఏపీలు తమంతట తామే పవర్ తగ్గించుకుంటాయి.

డీబీఎం లెక్క తలకెక్కుతలేదు. సింపుల్‌గ చెప్పుండ్రి.

రెండు గుర్తుపెట్టుకుంటే చాలు: 3 పెరిగితే రెట్టింపు, 10 పెరిగితే పదింతలు. 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్. 10 అంటే 10 మిల్లీవాట్లు, 14 అంటే 25, 17 అంటే 50, 20 అంటే 100, 23 అంటే 200. ఫోన్‌కు అందే సిగ్నల్ మైనస్‌లో ఉంటుంది. −50 గట్టిది, −67 పనికొచ్చేది, −80 పేరుకే ఉన్నది.

మన దేశంల ఎంత దాక పెట్టొచ్చు?

2.4 గిగాహెర్ట్జ్‌కు 2005 నోటిఫికేషన్ ప్రకారం ట్రాన్స్‌మిటర్ నుంచి 1 వాట్, యాంటెన్నా బలం కలుపుకుని 4 వాట్లు, అంటే 36 డీబీఎం, గరిష్ఠం. 5 గిగాహెర్ట్జ్‌లో 2018 అక్టోబర్ నిబంధనలతో 5150–5350, 5470–5875 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. కంట్రోలర్‌లో, అంటే ఏపీలన్నింటినీ ఒకచోటి నుంచి నడిపేదానిలో, కంట్రీ కోడ్ ఇండియా అని పెడితే అదే హద్దు దాటనివ్వదు. ఎక్కువ పవర్ దొరుకుతుందని వేరే దేశం కోడ్ పెట్టడం చట్టప్రకారం తప్పు.

చట్టం చూసేది యాంటెన్నా నుంచి బయటికి వచ్చే మొత్తం బలాన్ని, దాన్నే ఈఐఆర్‌పీ అంటారు. రేడియో 17 డీబీఎం ఇస్తోంది, యాంటెన్నా గెయిన్ (సిగ్నల్‌ను ఒకవైపు పోగు చేసి పెంచే బలం) 8, కేబుల్‌లో 1 పోయింది అనుకుంటే మొత్తం 24. బయటి యాంటెన్నా తగిలించి, దాని గెయిన్‌ను కంట్రోలర్‌లో నింపకుండా వదిలేస్తే అక్కడ కనిపించే ఈఐఆర్‌పీ అబద్ధమే.

2.4కు, 5కు ఒక్కటే నంబర్ పెట్టొచ్చా?

వద్దు. మొదటి మీటర్‌లోనే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సుమారు 40 డీబీ పోగొట్టుకుంటే 5 గిగాహెర్ట్జ్ 47 పోగొట్టుకుంటుంది. రెండింటికీ 17 పెడితే ఫోన్‌కు 2.4 గట్టిగా వినపడి, ఇరుకైన ఆ బ్యాండ్‌నే పట్టుకుని కూర్చుంటుంది. 2.4ను కనీసం 6 డీబీ తక్కువ ఉంచండి. ఏపీలు దగ్గరదగ్గరగా ఉన్నచోట రెండు, మూడింటిలో ఒకదానికే 2.4 ఉంచి మిగతావాటిలో ఆపేయడం ఇంకా మంచిది. ఒకదానికొకటి అడ్డుపడని చానెళ్లు 1, 6, 11 ఈ మూడే కదా.

## సర్వే, డిజైన్ దశలో

సర్వే చేసేటప్పుడు ఏపీని ఎంత పవర్‌ల పెట్టాలె?

ఏపీలు ఎక్కడెక్కడ పెట్టాలో ముందే కొలిచి చూడటమే సర్వే. అందులో పవర్, రేపు ఎంతలో నడపదలచుకున్నారో అంతలోనే. 5 గిగాహెర్ట్జ్‌కు 14 డీబీఎం మంచి మొదలు. ఫుల్ పవర్‌తో సర్వే చేసి ఏపీల సంఖ్య తగ్గించి కొటేషన్ ఇస్తే, తర్వాత పవర్ తగ్గించే దారి మూసుకుపోతుంది.

సెల్ (ఒక ఏపీ చూసుకునే మేర) అంచున −67 డీబీఎం, గాలిలోని రేడియో శబ్దం కంటే 25 డీబీ పైన ఉండాలి. అదే చోట రెండో ఏపీ కూడా −75 లోపు పడిపోకుండా వినపడాలి, లేకపోతే నడుస్తూ మాట్లాడేటప్పుడు కాల్ తెగుతుంది. సర్వే ల్యాప్‌టాప్‌కు తగిలించిన అడాప్టర్ −62 చూపించినచోట చవక ఫోన్ −68 చూపించడం మామూలే. అక్కడ ఎక్కువమంది వాడే ఫోన్లలో అన్నింటికన్నా బలహీనమైనదాన్ని అడాప్టర్ పక్కన పెట్టి తేడా చూసుకోండి. ఆ తేడాను లక్ష్యానికి కలపండి.

హాస్టల్ వరండాల ఏపీలు పెట్టినం, రూంలల్ల సిగ్నల్ వస్తలేదు. పవర్ పెంచితే అయిపోతదా?

ఇది అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న. కాదు అనేది జవాబు, ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది.

ఏపీ 17 డీబీఎం, లోపలి యాంటెన్నా గెయిన్ 4, కలిపి 21. వరండాలో 30 మీటర్ల అవతల రెండో ఏపీ ఉంది, మధ్యలో అడ్డం లేదు. ఆ దూరానికి 5 గిగాహెర్ట్జ్‌లో పోయేది 76 లేదా 77 డీబీ. అంటే పక్క ఏపీకి −56 దగ్గర వినపడుతోంది. ఇప్పుడు గది సంగతి. ఏపీకి 12 మీటర్ల దూరంలో, రెండు గోడల అవతల మంచం మీద పిల్లవాడు. దూరానికి 69 పోతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండువైపులా ప్లాస్టరింగ్, ఒక్కో గోడకు సుమారు 10. ఫోన్‌కు మిగిలేది −68. ఆ దారిలో ఇనుప బీరువా ఉంటే అదీ మిగలదు. ఎవరికి వినపడాలో వాళ్లకు −68, ఎవరికి వినపడకూడదో వాళ్లకు −56. పవర్ 6 పెంచితే రెండూ 6 పెరుగుతాయి, తేడా అలాగే ఉంటుంది.

ఆటో పవర్ పెడితే, అంటే పవర్ ఎంతో కంట్రోలరే తేల్చుకునేట్టు వదిలేస్తే, ఇంకో చిక్కు. సిస్కో కంపెనీ పద్ధతిలో ప్రతి ఏపీ పొరుగు ఏపీల్లో గట్టితనంలో మూడోదాన్ని చూసి, దానికి తన మాట −70 దగ్గర వినపడేట్టు పవర్ సర్దుకుంటుంది. తిన్నని వరండాలో 60 మీటర్ల అవతలి ఏపీ కూడా −62 దగ్గర వినపడుతుంది. ఇక్కడ దగ్గరదగ్గరగా ఉన్నాం అనుకుని కంట్రోలర్ 8 డీబీ దాకా తగ్గించేస్తుంది. అప్పుడు గదిలో −76. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, దానికి గదులున్నాయని తెలియదు.

ఏపీలను గదుల్లోకి మార్చడమే నిజమైన మందు. రెండు, మూడు గదులకొకటి, వరండాకు ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క. పై అంతస్తులో సరిగ్గా అదే గదిలో కాకుండా జరిపి పెట్టాలి. వైరింగ్ మార్చడానికి బడ్జెట్ లేకపోతే ఆటోకు కనిష్ఠ హద్దు 14 దగ్గర కట్టేసి, 20 మెగాహెర్ట్జ్ చానెల్ వెడల్పుతో, పక్కపక్క ఏపీలకు వేరువేరు చానెళ్లిచ్చి నెట్టుకురావచ్చు. బాగుపడుతుంది గానీ బాగైపోదు.

మిర్చి కోల్డ్ స్టోరేజ్ ఖాళీగ ఉన్నప్పుడు సర్వే చేసినం. ఇప్పుడు స్కానర్లు పనిచేస్తలేవు.

మార్చి, ఏప్రిల్‌లో బస్తాలు పైకప్పు దాకా పేరుస్తారు. అప్పుడు అది ఖాళీ హాలు కాదు, మందపాటి గోడల మధ్య సందులు. నిండిన బస్తాల వరుస సిగ్నల్‌ను మింగేస్తుంది. చాంబర్ గోడలు రెండువైపులా ఇనుప రేకు, మధ్యలో ఫోమ్ ఉన్న ప్యానెళ్లయితే బయటి ఏపీ ఎంత అరిచినా లోపలికి రాదు. కాబట్టి చాంబర్‌కు కనీసం ఒక ఏపీ లోపలే, సందు చివర, సందు వెంబడి చూసే ప్యాచ్ యాంటెన్నాతో (సిగ్నల్‌ను ఒకవైపే పంపే పలక) పెట్టాలి. చలికి, తేమకు తట్టుకునే మోడల్ కావాలి. కేబుల్ లోపలికి వచ్చే రంధ్రం సీల్ చేయకపోతే కనెక్టర్‌లో నీళ్లు పడతాయి. పవర్ సెట్టింగ్ స్కానర్‌ను బట్టి పెట్టండి. పాత చేతి స్కానర్లు పంపే బలం తక్కువ, ఏపీని 20కి ఎక్కిస్తే వాటి జవాబు వెనక్కి రాదు. సరుకు నిండాక మళ్లీ ఒకసారి కొలవాల్సిందే.

## కంట్రోలర్‌లో సెట్ చేసేటప్పుడు

ఆటోకు వదిలెయ్యాల్నా, చేత్తోటి పెట్టాల్నా?

ఆటోనే, కానీ కంచె కట్టి. సిస్కో కంట్రోలర్‌లో డిఫాల్ట్ హద్దులు −10 నుంచి 30 డీబీఎం దాకా ఉంటాయి, అది కంచె లేని చేను. మామూలు ఆఫీసు, కాలేజీ భవనానికి 5 గిగాహెర్ట్జ్‌లో కనిష్ఠం 11 లేదా 12, గరిష్ఠం 17, 2.4లో కనిష్ఠం 5, గరిష్ఠం 11 పెట్టి మొదలుపెట్టండి. కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య 6 డీబీ మించకపోతే పక్కపక్క ఏపీల మధ్య తేడా అదుపులో ఉంటుంది. ఒక ఏపీ 20లో, పక్కది 8లో ఉంటే ఫోన్లన్నీ మొదటిదాని మీదే పడతాయి.

నాలుగు ఏపీల కన్నా తక్కువ ఉన్నచోట చేత్తో పెట్టడమే మేలు. సిస్కో లెక్కకు కనీసం మూడు పొరుగు ఏపీలు కావాలి, అవి లేకపోతే పవర్ తగ్గించదు. సిస్కో డిఫాల్ట్‌గా పది నిమిషాలకోసారి లెక్క చూసుకుంటుంది. అరూబా కంపెనీ ఆటో పద్ధతి ఎయిర్‌మ్యాచ్ రోజుకోసారి, తెల్లవారుజామున 5 గంటలకు మార్పులు చేస్తుంది. అందుకే సెట్టింగ్ మార్చిన ఐదు నిమిషాలకే "ఏం మారలేదు" అని ఫోన్ చేయకండి.

మా కంట్రోలర్ల పవర్ లెవెల్ 1 అని చూపెడ్తుంది. 1 అంటే తక్కువనా?

సిస్కోలో 1 అంటే గరిష్ఠం. అక్కడి నుంచి ఒక్కో మెట్టు సుమారు 3 డీబీ, అంటే సగం చొప్పున దిగుతుంది. రక్కస్‌లో ఫుల్ అని, దాని నుంచి −1, −2 అని తగ్గింపు కనిపిస్తుంది. యూనిఫైలో లో, మీడియం, హై అని ఉంటుంది. ఈ పేర్లు మోడల్‌ను బట్టి, చానెల్‌ను బట్టి వేరువేరు బలాలకు సమానం. ఏ కంపెనీదైనా ఏపీ వివరాల పేజీలో డీబీఎం అంకె చూసి రాసుకోండి, అది యాంటెన్నా కలిపినదా కలపనిదా అన్నది కూడా.

పవర్ తగ్గించే బదులు మినిమం డేటా రేట్ పెంచితే సరిపోదా?

రెండూ చేయాలి, రెండింటి పనీ వేరు. 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ తీసేసి 12ను తప్పనిసరి చేస్తే దూరంగా ఉన్న ఫోన్ వేలాడదు, బీకన్లు (ఏపీ తన పేరు చాటే సందేశాలు) గాలిలో తక్కువసేపు ఉంటాయి. కానీ రేడియో చప్పుడు అంతే దూరం పోతూనే ఉంటుంది, అవతలి ఏపీ వంతు కోసం ఆగుతూనే ఉంటుంది. ఆ చప్పుడు తగ్గేది పవర్ తగ్గిస్తేనే. పాత 802.11బీ స్కానర్లు, తూకం మిషన్లు ఉన్నచోట 11 తీసేస్తే అవి కనెక్టే కావు, ముందు లెక్క చూసుకోండి.

80 మెగాహెర్ట్జ్ పెట్టినంక రేంజ్ తగ్గినట్టు అనిపిస్తుంది, నిజమేనా?

నిజమే. అదే పవర్ నాలుగింతల వెడల్పులో పరుచుకుంటుంది, 20తో పోలిస్తే 6 డీబీ నష్టం. చానెళ్లూ నాలుగో వంతుకు పడిపోతాయి. జనం ఎక్కువున్నచోట 20, తక్కువున్న ఆఫీసులో 40.

ఒక్కసారే ఎంత తగ్గియ్యొచ్చు?

3 డీబీ. ఒక అంతస్తు, జనం లేని వేళ, తర్వాత ఒక పూర్తి పనిదినం గమనించాలి. కొన్ని మోడళ్లలో ప్రొఫైల్ మార్చగానే రేడియో రీసెట్ అయి కనెక్షన్లన్నీ తెగుతాయి. ఆస్పత్రిలో ఓపీ నడిచేటప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. మార్చే ముందు ఏపీ పేరు, చానెల్, డీబీఎం, ఆ సమయంలో ఎంతమంది ఉన్నారు, చానెల్ ఎంత శాతం బిజీ, రీట్రైలు (అందక మళ్లీ పంపినవి) ఎంత శాతం అనేవి ఒక షీట్‌లో ఎక్కించండి. అవి లేకపోతే వెనక్కి ఎక్కడికి పోవాలో తెలియదు.

## ఫిర్యాదులు వచ్చినప్పుడు

సిగ్నల్ ఫుల్ ఉంది గని నెట్ నడుస్తలేదు.

ఫోన్‌లో కనిపించే సిగ్నల్‌ను, కంట్రోలర్‌లో అదే ఫోన్ పేరు పక్కన ఏపీకి వినపడుతున్న సిగ్నల్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్‌లో −58, ఏపీకి −74 అయితే ఒకవైపు మాటే నడుస్తోంది, ఏపీ పవర్ తగ్గించాలి. రెండూ బాగుంటే చానెల్ బిజీ శాతం చూడండి. పని వేళల్లో 50 దాటి ఉంటే జనం గానీ, పొరుగు ఏపీలు గానీ ఎక్కువైనట్టు. అదీ బాగుంటే ఇక పవర్ జోలికి పోవద్దు. ఐపీ అడ్రస్‌లు అయిపోయి ఉంటాయి, లేకపోతే డీఎన్ఎస్ (సైటు పేరును అడ్రస్‌గా మార్చేది), కాకపోతే బయటి లైన్. హాస్టళ్లలో ఒక్కో పిల్లవాడికి ఫోన్, ల్యాప్‌టాప్, వాచీ. 254 అడ్రస్‌ల పూల్ మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది.

ఏపీ కిందనే నిలబడ్డా, ఫోన్ ఇంకా దూరం ఏపీనే పట్టుకుంటుంది.

ఏ ఏపీకి మారాలో తేల్చుకునేది ఫోనే, కంట్రోలర్ కాదు. ఐఫోన్ తన సిగ్నల్ −70 దాటి పడిపోయేదాకా ఇంకోదాని కోసం వెతకదు. వెతికాక కూడా, డేటా నడుస్తుంటే 8 డీబీ, నడవకపోతే 12 డీబీ మెరుగైనది దొరికితేనే మారుతుంది. దూరపు ఏపీ ఫుల్ పవర్‌లో ఉంటే ఫోన్‌కు అక్కడ కూడా −64 అందుతుంది, మారాల్సిన అవసరమే కనపడదు. దూరపు ఏపీని 3 లేదా 6 డీబీ తగ్గించండి. దగ్గరి ఏపీల జాబితాను, మెరుగైన ఏపీ సూచనను ఫోన్‌కు అందించే 802.11కే, వీ సహాయకాలు ఆన్ చేయండి. ఏపీ మారడాన్ని త్వరగా ముగించే 802.11ఆర్ మాత్రం పాత ప్రింటర్లు, స్కానర్ల మీద పరీక్షించాకే.

పవర్ పెంచితే కూడ పెరుగుతలేదు, పాత నంబరే చూపెడ్తుంది.

ముందు కరెంటు చూడండి, ఏపీకి అది స్విచ్ నుంచి నెట్‌వర్క్ కేబుల్‌లోనే వస్తుంది. కేబుల్‌లో కరెంటు ఇచ్చే పాత ప్రమాణం 802.3ఏఎఫ్ ఉన్న స్విచ్ పోర్ట్ 15.4 వాట్లు ఇస్తుంది, ఏపీకి చేరేది 12.95. 802.3ఏటీ అయితే 30, చేరేది 25.5. ఏటీ అడిగే ఏపీకి ఏఎఫ్ పోర్ట్ దొరికితే అది బతికే ఉంటుంది, పని చేస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ కొన్ని యాంటెన్నా చైన్లు ఆపేస్తుంది లేదా పవర్ తగ్గించుకుంటుంది. స్విచ్ మొత్తం బడ్జెట్ కూడా లెక్క వేయండి: 24 పోర్టులకు 370 వాట్లంటే పోర్టుకు 15.4 మాత్రమే. అన్నింటికీ ఏటీ దొరకదు. ఇక చవక కేబుల్. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ 70, 80 మీటర్లు లాగితే కరెంటు దారిలోనే పోతుంది. ఎండాకాలం రేకుల పైకప్పు కింద ఇంకా ఎక్కువ పోతుంది.

కరెంటు సరిగ్గా ఉంటే, ఆటో మీ అంకెను మళ్లీ మార్చేస్తోందా, ఆ చానెల్‌కు కంట్రీ కోడ్ హద్దు తక్కువుందా చూడాలి.

పక్క బిల్డింగ్ వైఫైలు మస్తున్నయ్. మేం గుడ పవర్ పెంచి తొక్కేస్తే?

వైఫైలో గట్టిగా అరిచినవాడికి వంతు రాదు. వాళ్లకు మీరు, మీకు వాళ్లు ఇంకా ఎక్కువ వినపడి ఇద్దరూ ఆగుతారు. 5 గిగాహెర్ట్జ్‌లో ఖాళీ చానెల్‌కు మారండి.

ఒక ఏపీ చచ్చిపోతే పక్కవి పవర్ పెంచి కవర్ చేస్తయా?

ఆటో ఉండి, మామూలు రోజుల్లో గరిష్ఠ హద్దుకు 3 డీబీ కింద నడుస్తుంటే కొంతవరకు. ఎప్పుడూ హద్దు దగ్గరే నడుస్తున్నవి ఇంకేం పెంచుతాయి?

హాస్టల్ల పిల్లల తల్లిదండ్రులు రేడియేషన్ అంటున్నరు, ఏం చెప్పాలె?

లెక్క చెప్పండి. మొత్తం 100 మిల్లీవాట్లు అన్నివైపులా సమానంగా వెదజల్లే ఏపీకి మీటర్ దూరంలో పడేది చదరపు మీటర్‌కు 0.008 వాట్. ఈ ఫ్రీక్వెన్సీలకు అంతర్జాతీయ ఐసీఎన్ఐఆర్‌పీ సంస్థ ప్రజలకు పెట్టిన హద్దు చదరపు మీటర్‌కు 10 వాట్లు.

## కొన్ని ప్రత్యేకమైన చోట్లు

సెమినార్ హాల్ల 400 మంది కూసుంటే మొత్తం ఆగిపోతుంది.

ఖాళీ హాలులో బాగుండి, జనం రాగానే కూలిపోవడానికి రెండు కారణాలు. మనిషి ఒళ్లు 3 నుంచి 5 డీబీ మింగుతుంది. ఒకే చానెల్‌లో అందరూ వంతు కోసం ఆగుతారు. రేడియోకు 50 మంది చురుకైన వాడకందారులు అనుకుంటే 8 ఏపీలు కావాలి. ఎనిమిదింటికీ 5 గిగాహెర్ట్జ్‌లో 20 మెగాహెర్ట్జ్ వేరు చానెళ్లు దొరుకుతాయి, కాబట్టి ఒకదాని వంతు ఇంకోదానికి అడ్డం రాదు. 8 నుంచి 11 డీబీఎం, కిందికి చూసే యాంటెన్నాలు, 2.4 ఒకటి, రెండు ఏపీల్లో మాత్రమే. ఫాల్స్ సీలింగ్ పైన దాచమని ఆర్కిటెక్ట్ అడుగుతారు. పైన ఏసీ డక్టు, ఇనుప చానెళ్లు ఉంటాయి కాబట్టి ఒప్పుకోకండి.

జిన్నింగ్ మిల్లుల, రేకుల షెడ్డుల పది మీటర్ల ఎత్తున పెట్టొచ్చా?

మామూలు ఏపీని అంత ఎత్తున పెడితే బలమంతా పక్కలకు పోయి రేకులకు తగిలి తిరుగుతుంది, కింద పనివాళ్ల చేతిలో స్కానర్‌కు అందదు. స్తంభానికి నాలుగైదు మీటర్ల ఎత్తున, లేదా పైనే పెట్టాల్సి వస్తే కిందికి చూసే ప్యాచ్ యాంటెన్నాతో పెట్టండి. దూది నుసి ఏపీ గాలి సందుల్లో పేరుకుని వేడెక్కిస్తుంది. సీజన్‌లో వారానికోసారి పొడి బ్రష్‌తో దులపాలి. మే నెలలో రేకుల కింద వేడి బయటి కన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి డేటాషీట్‌లో 40 డిగ్రీల వరకే అని ఉన్న ఇండోర్ మోడల్ అక్కడ వద్దు. అంత వేడికి కొన్ని ఏపీలు పవర్ తగ్గించుకుంటాయి, కొన్ని రీస్టార్ట్ అవుతాయి. మధ్యాహ్నం రెండింటికే వచ్చి సాయంత్రం పోయే ఫిర్యాదైతే ముందు థర్మామీటర్ తీసుకెళ్లండి.